వాల్తేరులో పరమాణు నిర్మాణ అధ్యయనం

పాఠశాలలో మీరు పరమాణు నమూనా చేసే ఉంటారు. మధ్యలో బంకమట్టి ఉండలు, చుట్టూ తీగ వలయాలు, వాటిమీద ఎలక్ట్రాన్లుగా పూసలు. ఏ కణం ఎక్కడ ఉంటుందో ఆ నమూనా చూపుతుంది కాని, దానిలోని కొలతలు నిజానికి చాలా దూరం. విశాఖ రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి పక్కన 5 మిల్లీమీటర్ల మిరియపు గింజను ఉంచి, దాన్ని హైడ్రోజన్ కేంద్రకం అనుకోండి. ఎలక్ట్రాన్‌ను సుమారు 150 మీటర్ల దూరంలో వెతకాలి. మధ్యలో అంతా ఖాళీయే. కంటికి కనిపించని ఈ నిర్మాణం మనకు ఎలా తెలిసింది?

1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాడు. బంగారు రేకును తాకి వెనక్కు మళ్లిన కొద్దిపాటి ఆల్ఫా కణాలను బట్టి, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉందని తేల్చాడు. అయితే కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ కాంతి రూపంలో శక్తిని కోల్పోయి లోపలికి పడిపోవాలి కదా! పడిపోదు. ఎలక్ట్రాన్ నిర్ణీత శక్తి స్థాయిల్లోనే ఉంటుందని, పై స్థాయి నుంచి కింది స్థాయికి దిగినప్పుడే కాంతి వెలువడుతుందని 1913లో బోర్ ప్రతిపాదించాడు. హైడ్రోజన్‌కు ఆ లెక్క చక్కగా కుదిరింది. ఎక్కువ ఎలక్ట్రాన్లున్న మూలకాలకు కుదరలేదు. వాటి వర్ణపట రేఖలను ఒక్కొక్కటిగా కొలిచి శక్తి స్థాయిలను రాబట్టవలసి వచ్చింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ చరిత్రలోకి వచ్చేది ఈ దశలోనే. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పరిశోధన చేసిన కె. రంగధామారావు వాల్తేరులో వర్ణపటశాస్త్ర పరిశోధనశాలను నెలకొల్పారు. ఈ శాస్త్రంలో పని తీరు ఇలా ఉంటుంది: మూలకాన్ని విద్యుత్ చాపంలో ఆవిరి చేసి, ఆ కాంతిని సన్నని చీలిక గుండా పంపి, పట్టకంతోనో గ్రేటింగ్‌తోనో విడదీస్తారు. ఫొటో పలకపై పడిన రేఖల తరంగదైర్ఘ్యాలను కొలుస్తారు. ఒక్కో రేఖ రెండు శక్తి స్థాయిల మధ్య తేడాను తెలుపుతుంది. వందల రేఖల్లో ఏది ఏ రెండు స్థాయిలదో తేల్చడమే కష్టం. ఒక్క రేఖను తప్పుగా జతచేస్తే దానిపై ఆధారపడిన స్థాయిలన్నీ తప్పుతాయి. ఓపిక లేనివారికి ఈ శాస్త్రం పనికిరాదు.

రేఖలు చెప్పేది ముఖ్యంగా ఎలక్ట్రాన్ల సంగతి. కేంద్రకం లోపలి సంగతికి వేరే దారి కావాలి. ఆ దారి పట్టినవారు స్వామి జ్ఞానానంద. 1896లో పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన ఈ సన్న్యాసి, ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటాలపై పనిచేశారు. ఆ కిరణాలు పరమాణువులోని లోపలి ఎలక్ట్రాన్ల జాడ తెలుపుతాయి. తర్వాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద, కేంద్రకం నుంచి వెలువడే బీటా కణాల శక్తిని కొలిచారు. అయస్కాంత క్షేత్రంలో బీటా కణం ఎంత వంగుతుందన్నదాన్ని బట్టి దాని శక్తి తెలుస్తుంది. దారిలో గాలి ఉంటే కణం చెదిరిపోయి కొలత చెడుతుంది. కాబట్టి పరికరంలో శూన్యం ఉండాలి. అధిక శూన్యాన్ని సృష్టించే, కొలిచే పద్ధతులపై ఆయన ఏకంగా ఒక గ్రంథమే రాశారు.

1950వ దశకంలో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి కేంద్రక భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశారు. 1969లో మరణించారు. అక్కడి కేంద్రక పరిశోధనశాలకు తర్వాత ఆయన పేరే పెట్టారు.