చిరునామాల చిట్టా – ఎల్‌డాప్ కథ

1878లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో మొట్టమొదటి టెలిఫోన్ డైరెక్టరీ వెలువడింది. ఒకే ఒక అట్ట, దానిమీద యాభై మంది చందాదారులు. నంబర్లు లేవు, పేరు చెబితే ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు కలిపేవారు. ఆ అట్టకు వారసుడే నేడు మన పిల్లలు ఆఫీసు ఈ-మెయిల్‌లో పేరు సగం టైపు చేయగానే తక్కినది పూరించే డైరెక్టరీ.

1988లో సీసీఐటీటీ అనే అంతర్జాతీయ సంస్థ ఎక్స్.500 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. పైన దేశం, దాని కింద సంస్థ, ఆపైన శాఖ, చిట్టచివర వ్యక్తి. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో పనిచేసిన వారెవరికైనా ఇది కొత్తగా తోచదు. అయితే ఆ పద్ధతి మహా బరువైనది. నాటి చిన్న కంప్యూటర్లు మోయలేకపోయాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హౌస్ తదితరులు దాన్ని తేలిక చేసి, 1993లో ఎల్‌డాప్ పేరిట ప్రకటించారు. పేరులోని మొదటి అక్షరానికి అర్థమే 'తేలికైన' అని.

1997లో వచ్చిన నెట్‌స్కేప్ కమ్యూనికేటర్, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ రెండింటిలోనూ ఈ సదుపాయం ఉండేది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో టూల్స్, అకౌంట్స్, డైరెక్టరీ సర్వీస్ అని వెళ్లి సర్వర్ పేరు రాయాల్సి ఉండేది. పోర్టు సంఖ్య 389. తర్వాత 'సెర్చ్ బేస్', అంటే చెట్టులో ఏ కొమ్మ నుంచి వెదకాలో చెప్పడం. ఇది తప్పితే సర్వర్ పలుకుతుంది గాని పేరు దొరకదు. బీరువా సరైనదే, తెరిచిన అర వేరన్నమాట!

బిగ్‌ఫుట్, ఫోర్11, హూవేర్ వంటి బహిరంగ డైరెక్టరీలు అందులో ముందే అమర్చి ఉండేవి. ఫోర్11 అన్న పేరు అమెరికాలో నంబరు విచారించే 411 నుంచి వచ్చింది; మనకు 197 ఉండేది చూడండి, అలాంటిదే. 1997లోనే యాహూ దాన్ని కొనేసింది. ఇవేవీ నిలవలేదు. జనం చిరునామాలు మారుస్తూ ఉంటే దిద్దే నాథుడెవరు? పైగా బజారులో వేలాడదీసిన చిరునామాకు అక్కరలేని ఉత్తరాలే ఎక్కువ వస్తాయి.

నిలిచినవి కార్యాలయాల లోపలి డైరెక్టరీలు. 1998లో ఓపెన్‌ఎల్‌డాప్ మొదలైంది, విండోస్ 2000తో మైక్రోసాఫ్టు యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. అక్కడ చేరినవారిని ఎక్కించడం, బదిలీ అయినవారిని మార్చడం ఒకరి విధి గనుక చిట్టా శుద్ధంగా ఉంటుంది.

చిక్కంతా మనవంటి వారికే. పదవీ విరమణ చేసినవారి పేరును ఆ చిట్టాలోంచి తీసేయడం నియమబద్ధమే, తప్పు పట్టలేం. కాని ముప్పై ఏళ్లు పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుడు మర్నాటి నుంచి వెదికితే మనం కనబడం. పెన్షనర్లకు అటువంటి కొమ్మ ఏ చెట్టుకూ లేదు. సంఘం సభ్యత్వ రిజిస్టరే మనకు ఆ కొమ్మ. అందులో ఫోను, ఈ-మెయిల్ గడులు ఖాళీగా ఉంచిన వారు చాలామంది. అందరికీ తెలియజేయడం ఇష్టం లేనివారు ఆ మాట పక్కనే రాస్తే కార్యదర్శి గారు గోప్యంగానే ఉంచుతారు. కుటుంబంలో ఒకరి నంబరు కూడా జతచేయండి.