డ్రైవర్ ఎదుట అంత పొడుగు హుడ్ ఎందుకు?

మన డీజిల్ రైలు ఇంజన్ల చరిత్ర రాసేవాళ్లు హార్స్‌పవర్ అంకెలు, తయారైన సంఖ్యలు వరసగా చెప్పి ఊరుకుంటారు. ఆకారం దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే మాట. డబ్ల్యూడీఎం-2లో కేబిన్‌ను ఓ చివరకు నెట్టేసి, డ్రైవర్ ముందు అంత పొడుగు హుడ్ (ఇంజన్‌ను కప్పే తొడుగు) పెట్టడం అమెరికావాళ్ల నిర్లక్ష్యమట, మనవాళ్లు కళ్లు మూసుకుని దాన్నే నకలు చేశారట. ఈ మాటలో సగం కూడా నిలవదు.

మొదటి ఘట్టం తెలిసిందే. 1957 నుంచి అమెరికాలోని ఆల్కో కంపెనీ మనకు 100 డబ్ల్యూడీఎం-1 ఇంజన్లు పంపింది. 1962లో అదే కంపెనీ నుంచి 2,600 హార్స్‌పవర్ల డబ్ల్యూడీఎం-2 వచ్చింది. 1964 జనవరి నుంచి వారణాసిలో మనమే వాటిని చేసుకున్నాం.

అసలు సాక్ష్యం ఈ రెంటి మధ్యే ఉంది. డబ్ల్యూడీఎం-1కి గుండ్రటి ముక్కు, దాని వెనకే కేబిన్, ఎదురుగా చక్కటి చూపు. అంటే ఆల్కోకు డ్రైవర్ కళ్ల సంగతి తెలియక కాదు. అయితే కేబిన్ ఒక్క కొసనే ఉంది. చివరి స్టేషన్‌లో ఇంజన్‌ను తిప్పాలి, లేదా రెండింటిని వీపులు కలిపి నడపాలి. పైగా అది నిండు బాడీ. ఫిట్టర్ లోపలి సన్నటి దారిలో, వేడిలో నిలబడి పనిచేయాలి. డబ్ల్యూడీఎం-2 ఈ రెండు చిక్కులనూ ఒక్క దెబ్బతో తీర్చింది. హుడ్ వెంట రెండువైపులా నడకదారి, దానికి వరసగా తలుపులు. తలుపు తీస్తే 16 సిలిండర్ల ఇంజన్ చేతికందుతుంది. వైశాఖం ఎండల్లో గుత్తి, కాజీపేట షెడ్లలో పనిచేసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇంజన్‌ను తిప్పే అవసరం లేకుండా కేబిన్‌లో కంట్రోల్ స్టాండ్లు రెండు, ఐమూలగా ఉంటాయి. బండి ఎటు నడిచినా డ్రైవర్‌ది ఎడమ సీటే. మన సిగ్నళ్లు ఎక్కువగా ఎడమవైపే కాబట్టి ఆ ఏర్పాటు నప్పింది. పొడుగు హుడ్ (లాంగ్ హుడ్) ముందుగా నడిచేటప్పుడు లైను కుడికి వంపు తిరిగితే మాత్రం డ్రైవర్‌కు కనిపించేది హుడ్ పక్కగోడే. అప్పుడు కుడి కిటికీలోంచి చూసి అసిస్టెంట్ ‘డబుల్ ఎల్లో’ అని అరవాలి, డ్రైవర్ తిరిగి పలకాలి. మెయింటెనెన్స్ కోసం, టర్న్‌టేబుల్ లేకుండా గడవడం కోసం చెల్లించిన ధర ఇదే. దీన్ని తెలిసి కుదుర్చుకున్న బేరం అనాలి గాని నిర్లక్ష్యం అనకూడదు.

ఇంకో వాదం ఉంది: గేటు దగ్గర లారీని గుద్దితే ముందున్న హుడ్ సిబ్బందిని కాపాడుతుందని. ఇది కట్టుకథ కాదు. అమెరికాలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్, సదరన్ కంపెనీలు చాలాకాలం లాంగ్ హుడ్‌నే ముందుంచి నడిపాయి. కానీ మన దగ్గర దాన్నే కారణమనలేం. రెండు ఇంజన్లను జత చేసినప్పుడు లాంగ్ హుడ్లు ఎదురెదురుగా ఉంచి, కేబిన్‌కు అవతలివైపున్న పొట్టి హుడ్లను (షార్ట్ హుడ్లను) రెండు కొసలకూ పెట్టడం మామూలే. రక్షణే ప్రధానమైతే అలా పెట్టేవారు కాదు. ఆవిరి ఇంజన్ల అలవాటు వల్ల బాయిలర్ వెనక కూర్చోవడం డ్రైవర్లకు కొత్తగా అనిపించలేదన్న మాటను కొంతవరకు ఒప్పుకోవచ్చు. అది అభ్యంతరాలను తగ్గించి ఉంటుంది, ఆకారాన్ని మాత్రం నిర్ణయించలేదు. ఆకారం 1941 నాటి ఆల్కో ఆర్‌ఎస్-1దే.

యంత్రం వసతికే పెద్దపీట అనడానికి కింద బోగీ (చక్రాల చట్రం) కూడా సాక్ష్యం. మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. మోటార్లు, అడ్డదూలం ఇమడటం కోసం అలా జరిపారు.

మనవాళ్లు ఆలోచించలేదన్నదీ అన్యాయమే. షార్ట్ హుడ్‌ను బండి వెడల్పంతా పరిచి, అద్దాలు పెద్దవి చేసి ‘జంబో’లని కొన్ని తీశారు. కాకపోతే బాగుపడింది షార్ట్ హుడ్ వైపు చూపే, రెండోవైపు తంటా అలాగే ఉండిపోయింది. 1998లో వారణాసిలోనే రెండు కేబిన్ల డబ్ల్యూడీపీ-3ఏ తయారైంది. కొన్ని పదులతో ఆగిపోయింది. ఆ తర్వాత జనరల్ మోటార్స్ నుంచి వచ్చిన డబ్ల్యూడీపీ-4లో మళ్లీ ఒకే కేబిన్. చేతిలో ఉన్న జవాబును పక్కనబెట్టి పాత ప్రశ్నను మళ్లీ కొనుక్కున్నాం. నిర్లక్ష్యం అనే మాట వాడాల్సివస్తే 1962కు కాదు, ఇక్కడ వాడాలి. ఎందుకంటే వేగాలు పెరిగాయి, చూపు విలువా పెరిగింది. డబ్ల్యూడీపీ-4డీతో రెండో కేబిన్ వచ్చేసరికి విద్యుదీకరణ తరుముకొస్తోంది. డీజిల్ డ్రైవర్లలో ఎక్కువమంది ఆ సుఖం ఎరగకుండానే రిటైరయ్యారు.

ఇప్పుడు ఆల్కోలు తుక్కుకు పోతున్నాయి. కొన్నింటికి రంగులేసి స్టేషన్ల ముందు నిలబెడుతున్నారు. ఆ రంగుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. హుడ్ తలుపులు తెరుచుకునేలా, కేబిన్‌లో రెండు స్టాండ్లూ వాటి చోట ఉండేలా ఒక్క ఇంజన్‌ను ఉంచినా, పైన చెప్పిన వాదాన్ని ఎవరైనా ఎడమ సీట్లో కూర్చుని స్వయంగా పరీక్షించుకోవచ్చు.