మన్యం జ్వరానికి డబ్బు పెట్టిందెవరు?

వైద్య పరిశోధనల చరిత్రలో మనకి గుర్తుండేవి కనిపెట్టినవాళ్ళ పేర్లు. రోనాల్డ్ రాస్, సికిందరాబాద్, 1897, దోమ. ఆ వరుసలోనే ఇంకో గడి కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ పెద్దగా చదవరు: ఖర్చు ఎవరిది? కొన్నాళ్ళుగా అరకు, పాడేరు, జయపురం కొండల ఆరోగ్య చరిత్ర చదువుతుంటే నాకు ఆ గడే ఎక్కువ కథ చెప్పింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది అలవాటే. ఒక ఫీచర్ ఎందుకు అలా ఉందో తెలియాలంటే, ముందు దాన్ని ఎవరు అడిగారో చూస్తాం.

1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మామూలు చట్టాల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు చేతికి అప్పగించింది. మనం ఇప్పటికీ ‘ఏజెన్సీ’ అంటున్నది ఆ ఏజెంటు చలవే. పైనున్న దొరల్ని పితూరీలెంత భయపెట్టాయో చలిజ్వరమూ అంత భయపెట్టింది. 1879 రంప పితూరీని అణచడానికి కొండెక్కిన పటాలాలు జ్వరంతో మంచాన పడ్డాయి. మైదానం మనిషికి మన్యం అంటేనే జ్వరం. కొండ మనిషికి కూడా జ్వరమే. కాకపోతే ఆ రెండో జ్వరం సర్కారు కాగితాల కెక్కడానికి చాలా కాలం పట్టింది.

1914లో పెర్రీ అనే ఆయన జయపురం కొండల మలేరియా మీద రాశాడు. జయపురం అప్పటికి విశాఖపట్నం జిల్లాలోదే, 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు అటు పోయింది. తర్వాత గట్టి పని జరిగింది 1930లలో. చేసినవాడు రోనాల్డ్ సీనియర్-వైట్. ఆయన ఉద్యోగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో, మలేరియా నిపుణుడిగా.

రైలు కంపెనీకి మలేరియా నిపుణుడెందుకు? 1931కల్లా రాయపూర్-విజయనగరం లైను తూర్పు కనుమల్ని దాటింది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకుంది. మధ్య భారతం సరుకు సముద్రం చేరాలంటే ఆ లైను నడవాలి. లైను నడవాలంటే గ్యాంగ్‌మన్లూ స్టేషన్ మాస్టర్లూ పడకెక్కకూడదు. సీనియర్-వైట్ చేసింది మంచి సైన్సు. నెమ్మదిగా పారే కొండవాగుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లువియటిలిస్ అనే దోమే ఇక్కడ ప్రధాన దోషి అని తేల్చినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఆ జ్ఞానం ఇప్పటికీ పనికొస్తోంది. కానీ డబ్బు రైల్వేది కాబట్టి, నివారణ కూడా స్టేషన్ల చుట్టూ, క్వార్టర్ల చుట్టూ తిరిగింది. లైనుకి దూరంగా ఉన్న ఊళ్ళో పిల్లల పొట్టలు తడిమి, ఎంతమందికి బల్ల పెరిగిందో లెక్కపెట్టడం ఆనాటి సర్వే పద్ధతి. ఆ పిల్లలకి మలేరియా శాస్త్రంలో ఒక పేరుంది: ‘రిజర్వాయర్’. అంటే రోగం నిలవుండే చెరువు. రోగం వాళ్ళకి వచ్చిందన్న మాట కన్నా, వాళ్ళ నుంచి వస్తుందన్న మాట ముందుంది.

రక్తం విషయంలోనూ ఇదే జరిగింది. 1952లో హెర్మన్ లేమాన్, మేరీ కట్‌బుష్ నీలగిరి గిరిజనుల్లో సికిల్ సెల్ లక్షణాన్ని గుర్తించారు. వాళ్ళని నీలగిరికి తీసుకెళ్ళినవి జాతుల గురించిన ప్రశ్నలు: ఈ జనం ఎవరు, ఎవరితో చుట్టరికం? రెండేళ్ళకి, 1954లో, ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో ఇంకో ముడి విప్పాడు. సికిల్ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్ళకి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే మాత్రం జబ్బు. మలేరియా కొండల్లో ఈ జన్యువు ఎందుకుందో అర్థమైంది. విశాఖలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రవేత్తలు, జన్యుశాస్త్రవేత్తలు కూడా ఏజెన్సీ తెగల రక్తం మీద ఎంతో పని చేశారు. పత్రాలు అచ్చయ్యాయి. నమూనాలు కొండ దిగాయి. మందు మాత్రం కొండెక్కలేదు.

మందు కోసం పరిశోధన ఎప్పుడు మొదలవుతుంది? ఇక్కడ అమెరికా కథ పనికొస్తుంది. అక్కడ సికిల్ సెల్ గురించి 1910 నుంచే తెలుసు. 1970లో రాబర్ట్ స్కాట్ అనే డాక్టరు ఒక చిన్న లెక్క ముందు పెట్టాడు. 1967లో కొత్తగా పుట్టిన సికిల్ సెల్ కేసులు సుమారు 1,155. సిస్టిక్ ఫైబ్రోసిస్ కేసులు 1,206. రెండూ దాదాపు సమానం. కానీ విరాళాలు చూస్తే, సిస్టిక్ ఫైబ్రోసిస్‌కి 19 లక్షల డాలర్లు, సికిల్ సెల్‌కి లక్ష కూడా లేదు. మొదటిది ఎక్కువగా తెల్లవాళ్ళ పిల్లల జబ్బు, రెండోది నల్లవాళ్ళ పిల్లల జబ్బు. నల్లజాతి ఉద్యమాలు గొంతు కలిపాయి. 1972లో చట్టం వచ్చింది, డబ్బు వచ్చింది. 1986లో, చిన్నపిల్లలకి రోజూ పెన్సిలిన్ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని తేలింది. పెన్సిలిన్ అప్పటికి నలభై ఏళ్ళ పాత మందు! అన్నాళ్ళూ లేనిది మందు కాదు, ఈ పిల్లలకి ఇచ్చి చూద్దామన్న ప్రశ్న. ప్రశ్నకి డబ్బు లేదు.

అయితే డబ్బొస్తే చాలా? మన దగ్గరే 2009లో ఖమ్మం జిల్లాకి వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే హెచ్‌పీవీ టీకాని ఎలా అందించాలో చూసే ప్రాజెక్టు. గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి చేసింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మంది. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. కొన్ని మరణాల వార్తల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ అంది. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతోంది. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన సంగతి వేరు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవీ, హెడ్‌మాస్టర్లవీ. అమ్మానాన్నల్ని అడగలేదు. కొండ ఊళ్ళకి కబురు పంపి, వాళ్ళు వచ్చేదాకా ఆగడానికి ఎవరి బడ్జెట్‌లోనూ రోజులు లేవన్నమాట.

కొండకి అటువైపు ఇంకో రకం కథ నడిచింది. 2013 నుంచి ఒడిశా ప్రభుత్వం, జాతీయ మలేరియా పరిశోధన సంస్థ, జెనీవాలోని మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ కలిసి నాలుగు జిల్లాల్లో ఒక పరిశోధన చేశాయి. పరీక్షా మందూ మారుమూల ఊరికే తీసుకెళ్తే ఏమవుతుంది, ఇదీ ప్రశ్న. జ్వరం లేనివాళ్ళ ఒంట్లో కూడా పరాన్నజీవి దాక్కుని ఉంటుంది కాబట్టి, ఒడిశా 2017లో ‘దమన్’ కార్యక్రమం పెట్టి, దూరపు ఊళ్ళలో అందర్నీ పరీక్షించి మందిచ్చింది. దోమతెరలు పంచింది. 2017లో రాష్ట్రంలో దాదాపు మూడున్నర లక్షల మలేరియా కేసులు. 2018లో 66 వేల చిల్లర. సీనియర్-వైట్ కాలపు ‘రిజర్వాయర్’ ఇక్కడ మొదటిసారి రోగి అయ్యాడు. జీవశాస్త్రం అదే. ఎవరికోసం అన్నది మారింది.

డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజన ఆరోగ్యంపై వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతం, మలేరియా మరణాల్లో సగం వాళ్ళవే అంది. 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 7 కోట్ల మందిని పరీక్షించాలి, 2047 గడువు. లేమాన్ నీలగిరి పత్రానికీ దీనికీ మధ్య 71 ఏళ్ళు. పరీక్ష చేసి, చేతికి ఒక కార్డు ఇస్తారు. కార్డు అవసరమే. కానీ ఆ కార్డు పట్టుకున్న పాపకి నొప్పులు మొదలైన రోజున దగ్గర్లోని పీహెచ్‌సీలో హైడ్రాక్సీయూరియా ఉందా? డోలీ మోయకుండా అక్కడికి చేరగలదా? ఆ మందు కొండల్లోని పిల్లలకి ఏ మోతాదులో, ఎంత క్రమంగా అందుతోందో ఎవరైనా ఏళ్ళ తరబడి రాసిపెడుతున్నారా? ఆ రాసిపెట్టే పనికే డబ్బు కావాలి. ఇప్పుడు పాడేరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. రక్తనమూనాతో పాటు పరిశోధకుడు కూడా కొండ దిగిపోనక్కరలేదు. ఈసారి ఖర్చు గడిలో ఎవరి పేరున్నా సరే, పక్కనే ఇంకో గడి గీసి అందులో ప్రశ్న ఎవరిదో కూడా రాయమని అడగాలి.