ముజబ్బిర్ ఇమ్తిహాన్: ఎముకలు కట్టేవాళ్లకి సనద్ ఎవరిచ్చారు?

ఆల్జీబ్రా అంటే మన ఇళ్లల్లో పిల్లలు మొహం మాడ్చుకుంటారు. ఆ మాట వచ్చింది అరబీ ‘జబ్ర్’ నుంచి. జబ్ర్ అంటే విరిగినదాన్ని మళ్లీ అతికించడం. అల్‌ఖ్వారిజ్మీ దాన్ని లెక్కల్లోకి తీసుకెళ్లాడు గానీ, బజారులో ఆ మాటకి అర్థం హడ్డీ జోడ్‌నా. ఆ పని చేసేవాడు ముజబ్బిర్. స్పెయిన్‌లో ముస్లిం హుకూమత్ పోయాక కూడా ఎముకలు కట్టేవాణ్ణి ‘అల్హెబ్రిస్తా’ అనే పిలిచారు. డాన్ క్విక్సోట్ రెండో భాగంలో అలాంటి ఒకడు కనిపిస్తాడు కూడా. మీ మొహల్లాలో అబ్దుల్ జబ్బార్ చాచా ఎవరైనా ఉంటే, ఆయన పేరులో ఉన్నదీ ఇదే ధాతువు.

ఈరోజు ఆర్థోపెడిక్ డాక్టర్ బోర్డు మీద ఎం.ఎస్., డి.ఎన్.బి. అని అక్షరాలు చూసి మనం లోపలికి వెళ్తాం. ఆ అక్షరాల వెనక ఇమ్తిహాన్ ఉంది. మరి ముజబ్బిర్‌కి ఇమ్తిహాన్ ఉండేదా? ఉండేది. కనీసం కితాబుల్లో ఉండేది.

ముందు బగ్దాద్ సంగతి. హిజ్రీ 319, అంటే 931. ఖలీఫా ముక్తదిర్ జమానా. ఒక హకీమ్ చేసిన తప్పుకి ఒక మామూలు మనిషి ప్రాణం పోయిందని ఖలీఫాకి ఖబర్ అందింది. వెంటనే హుకుం వెళ్లింది: సినాన్ ఇబ్న్ సాబిత్ ఇమ్తిహాన్ తీసుకుని, చేతిరాతతో చీటీ ఇస్తే తప్ప ఎవరూ వైద్యం చేయకూడదు. ఈ సినాన్ గొప్ప రియాజీదాన్ సాబిత్ ఇబ్న్ ఖుర్రా కొడుకు, హర్రాన్ సాబియీ ఖాందాన్ వాడు. బగ్దాద్ నదికి రెండు వైపులా కలిపి 860కి పైగా హకీములు ఆయన ముందుకొచ్చారట. అప్పటికే మషూర్ అయినవాళ్లూ, దర్బారు కొలువులో ఉన్నవాళ్లూ ఆ లెక్కలో లేరు. పెద్దవాళ్లకి మినహాయింపు అప్పుడూ ఉందన్నమాట!

నాకు ఇందులో నచ్చింది ఆ చీటీ. అందరికీ ఒకే సనద్ కాదు. ఎవరికి ఏ హునర్ వచ్చో అంతవరకే ఇజాజత్. స్పెషలిస్టు సర్టిఫికెట్ అని ఇప్పుడు మనం అనే దానికి ఇది చాలా దగ్గర.

ఆ ఇమ్తిహాన్‌లో జరిగిన ఒక ఖిస్సాని పాత తజ్కిరాల్లో రాసుకున్నారు. మంచి బట్టలు కట్టుకుని, హుందాగా ఉన్న ఒక బుజుర్గ్ సినాన్ దగ్గరికి వచ్చాడు. సినాన్ అదబ్‌తో కూర్చోబెట్టి, ఉస్తాద్ దగ్గర నేర్చుకుందామన్నట్టు మాట్లాడాడు. పెద్దాయన జేబులోంచి దీనార్ల పొట్లం తీసి ముందు పెట్టాడు. తనకి చదవడం రాదని, రాయడం రాదని, భార్యాపిల్లల రోజీ ఈ పని మీదే నడుస్తోందని, దాన్ని తెంచవద్దని బతిమాలాడు. సినాన్ నవ్వాడు. తెలియని జబ్బు జోలికి పోవద్దని, తేలిక రోగాలకి తప్ప రక్తం తీయించడం, విరేచనాల మందు ఇవ్వడం చేయొద్దని షర్తు పెట్టి పంపించాడు. మర్నాడు ఒక కుర్రాడు వచ్చాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే, మా అబ్బా దగ్గర అన్నాడు. ఆ అబ్బా నిన్నటి పెద్దాయనే. అయితే ఆయన దారి దాటకు అని చెప్పి అతన్నీ వదిలేశాడు.

ఈ ఖిస్సా విని చాలామంది నవ్వుకుంటారు, సినాన్ రహమ్‌దిల్ అంటారు. నాకు మాత్రం ఆ పెద్దాయన మరీజుల మీదికి మనసు పోతుంది. వాళ్లకి ఆ షర్తు గురించి ఎవరు చెప్పి ఉంటారు?

ఇక ఎముకల విషయం. 12వ శతాబ్దంలో షామ్‌లో అబ్దుర్రహ్మాన్ అల్‌షైజరీ ముహ్తసిబుల కోసం ఒక దస్తూర్ రాశాడు. ముహ్తసిబ్ అంటే బజారు మీద నిగ్రాణీ చేసే అధికారి. రొట్టె తూకం, పాలలో నీళ్లు, హమామ్ శుభ్రత అన్నీ ఆయన పనే. అదే వరసలో కళ్ల హకీములు, ముజబ్బిర్లు, జర్రాహ్‌లు కూడా వస్తారు. ముజబ్బిర్‌కి ఏం రావాలో షైజరీ సాఫ్‌గా చెప్పాడు. పాలస్ అనే యూనానీ హకీమ్ రాసిన కున్నాష్‌లో ఆరో మఖాలా, విరిగిన ఎముకలు కట్టే భాగం, పూర్తిగా వచ్చి ఉండాలి. మనిషి ఒంట్లో ఎముకలు 248 అని తెలియాలి. ఒక్కోదాని ఆకారం, సైజు తెలియాలి. అప్పుడే విరిగినా జారినా దాన్ని మొదటి చోటికి తేగలడు. ముహ్తసిబ్ ఇవన్నీ అడిగి చూడాలి. మామూలు హకీములకైతే హునైన్ రాసిన ఇమ్తిహాన్ కితాబు వాడమన్నాడు. జాలీనూస్ రాసినది కూడా ఉంది గానీ, దాని ప్రకారం అడిగితే దాదాపు ఎవరూ గట్టెక్కరని తనే ఒప్పుకున్నాడు. పేపర్ టఫ్‌గా ఉందన్న ఫిర్యాదు ఈనాటిది కాదు.

నిజంగా ప్రతి షహర్‌లో ఇలా జరిగిందా? దస్తూర్‌లో రాసింది, బజారులో జరిగింది ఒకటే అని నేననుకోను. రొట్టె తూకం చూసే మనిషి మోచేయి జారిన తీరు మీద ఏం సవాల్ వేయగలడు? తారీఖ్ రాసేవాళ్లలోనూ ఈ అనుమానం ఉంది. పైగా అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఖుర్తుబాలో జహ్రావీ తన అల్‌తస్రీఫ్‌లో ఎముకల బాబ్ మొదలుపెడుతూనే బాధపడ్డాడు: ఒక్క కితాబు కూడా చదవనివాళ్లు ఈ పని మీద పడ్డారు, అందుకే మా ముల్కులో ఈ ఇల్మ్ కనుమరుగైంది అని. తను మాత్రం పాత కితాబులు చదివి, తజుర్బాతో నేర్చుకున్నానన్నాడు. వంకరగా అతుక్కున్న ఎముకని మళ్లీ విరగ్గొట్టే వాళ్లని గట్టిగా తప్పుపట్టాడు. కట్టు కింద దురదగాని, వాపుగాని, నొప్పిగాని వస్తే వదులు చేయమన్నాడు. ఇది చిన్న మాట కాదు. కట్టు బిగిస్తే రక్తం ఆడదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోవచ్చు, చెయ్యి శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. పిల్లల మోచేయి విరిగినప్పుడు ఈ ఖత్రా మరీ ఎక్కువ. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, కదిపితే బిడ్డ గిలగిలలాడినా రేపటిదాకా ఆగకూడదు.

ఆ 248 సంగతి చూద్దాం. ఇప్పటి లెక్కలో పెద్దవాళ్లకి 206 ఎముకలు. అంటే ఇమ్తిహాన్‌లో సరైన జవాబే తప్పు జవాబు! దీన్ని కదిపినవాడు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ. 1200–1202 మధ్య మిస్ర్‌లో భయంకరమైన కరువు వచ్చింది. ఖాహిరా బయట అల్‌మక్స్ దగ్గర శవాలు గుట్టలుగా ఉండేవి. ఆయన అక్కడికెళ్లి ఎముకలు చూశాడు. కింది దవడలో రెండు ఎముకలని జాలీనూస్ రాస్తే, ఈయన రెండు వేలకు పైగా పుర్రెలు చూసి ఎక్కడా అతుకు లేదు, ఒకటే ఎముక అని రాశాడు. జాలీనూస్ ఎంత గొప్పవాడైనా కంటి గవాహీ ఇంకా సచ్చీ అన్నాడు. అయినా తర్వాతి శతాబ్దంలో మిస్ర్‌లోనే ఇబ్న్ అల్‌ఉఖువ్వా రాసిన హిస్బా కితాబులో ముజబ్బిర్ బాబ్ షైజరీ దాన్నే తిరగరాసింది. ఇల్మ్ ముందుకెళ్లింది, సిలబస్ అక్కడే ఆగింది.

ఇంగ్లండ్ కథ ఇంకో రకం. వేల్స్‌లో ఒక ఖాందాన్ తరతరాలుగా ఎముకలు కట్టేది. అందులో ఇవాన్ థామస్ లివర్‌పూల్ వచ్చి కూలీజనం చేతులూ కాళ్లూ కట్టాడు. డిగ్రీ లేదు. డాక్టర్లు పదేపదే అదాలత్‌కి ఈడ్చారు. విసిగిపోయి ఐదుగురు కొడుకుల్నీ డాక్టర్ చదువుకి పంపాడు. పెద్దవాడు హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) సనద్ తెచ్చుకుని, అబ్బా హునర్‌నీ నిలుపుకున్నాడు. విరిగిన కాలు కదలకుండా పట్టే ఇనప చట్రం ఆయనదే, థామస్ స్ప్లింట్. ఆయన భార్య తరఫు మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని సిపాయిల దాకా తీసుకెళ్లాడు. తొడ ఎముక విరిగినవాళ్లలో నూటికి 80 మంది చనిపోయే చోట 20కి తగ్గారని చెప్తారు. ఆ లివర్‌పూల్‌లోనే 1920లలో ఎముకల సర్జన్లకి ప్రత్యేక డిగ్రీ వచ్చింది. అమెరికాలో ఆర్థోపెడిక్ సర్జరీ బోర్డు 1934లో మొదలైంది.

మన హైదరాబాద్‌లో 1846లో నిజాం నాసిరుద్దౌలా కాలంలో మెడికల్ స్కూల్ తెరిచి ఉర్దూలో చదువు చెప్పారు. కానీ జనం పహిల్వాన్ల దగ్గర పట్టీ కట్టించుకోవడం మానలేదు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకి ఈనాటికీ దూరాల నుంచి వస్తారు. వాళ్లని జాహిల్ అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఖర్చుంది, ఆపరేషన్ భయం ఉంది, తమ జుబాన్‌లో మాట్లాడే మనిషి కావాలన్న ఆశ ఉంది. అయితే సినాన్ చీటీ లాంటిది వాళ్ల చేతిలో లేదు: ఇంతవరకు కట్టు, ఇది దాటితే దవాఖానాకి పంపు అని హద్దు గీసిన చీటీ.

ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్లు చదివి ఎం.ఎస్. ఆర్థో ఇమ్తిహాన్‌కి కూర్చునే పిల్లలు థియరీ పేపర్లు రాసి, మరీజుల్ని పరీక్షించి కేసులు చెప్పాలి. ఆ తర్వాత వైవా. బల్ల మీద ఎక్స్‌రేలు, ప్లేట్లు, స్క్రూలు, పరికరాలు ఉంటాయి. థామస్ స్ప్లింట్ చూపించి కొలతలెలా తీస్తావని అడుగుతారు. పక్కనే ఎముకలు. పరీక్షించే ప్రొఫెసర్ ఒకటి తీసి చేతిలో పెట్టి అడుగుతాడు: ఇది ఏ ఎముక, కుడిదా ఎడమదా, ఎలా పట్టుకోవాలి?