రాజముద్రకు నోచుకోని రాగి

తెలుగులో ధనానికంతటికీ పేరుగా స్థిరపడిన ‘డబ్బు’ అనే మాట మొదట ఒక రాగి నాణెం పేరు. ‘దుడ్డు’ కూడా అలా ఎదిగిన మాటే. రాగికి భాషలోనే ఇంతటి చోటు దక్కిన నేల నుంచి వెళ్లి బ్రిటన్‌లో స్థిరపడినవారు ఆ దేశ చరిత్ర చదివితే, అక్కడి రాజ్యం రెండు శతాబ్దాల పాటు రాగిని అసలైన నాణెంగా అంగీకరించడానికే వెనుకాడిందని తెలిసి విస్తుపోతారు.

ఆనాటి లెక్కలో పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, పెన్నీకి నాలుగు ఫార్దింగులు. రాజగౌరవానికి బంగారం, వెండి మాత్రమే తగినవని పాలకులు నమ్మారు. వెండితో ఫార్దింగు చేస్తే అది వేళ్లకు అందనంత చిన్నదవుతుంది కనుక అంగళ్లవారు సీసపు బిళ్లలతో చిల్లర గడుపుకున్నారు. 1613లో మొదటి జేమ్స్ రాజు రాగి ఫార్దింగుల తయారీని హారింగ్టన్ ప్రభువుకు ‘పేటెంటు’గా, అంటే రుసుము తీసుకుని ఒక్కరికే కట్టబెట్టే హక్కుగా ఇచ్చాడు. అర గ్రాము కూడా తూగని ఆ రేకులలోని లోహం విలువకూ, వాటి మీది విలువకూ ఉన్న తేడాయే రాజుకూ హక్కుదారుకూ లాభం. జనం వాటిని ఈసడించుకున్నారు, దొంగనాణేలవారు అనుకరించారు, 1644లో పార్లమెంటు ఆ ఏర్పాటుకు స్వస్తి చెప్పింది. తరువాత వర్తకులూ పూటకూళ్లవారూ తమ పేర్లతో బిళ్లలు కొట్టించుకోగా, 1672లో రెండవ ఛార్లెస్ రాజు వాటిని నిషేధించి, హాఫ్‌పెన్నీ అనే అరపెన్నీనీ ఫార్దింగునూ రాజు పేరుతోనే రాగిలో విడుదల చేశాడు.

సమస్య అంతటితో తీరలేదు. నిజానికి పద్దెనిమిదో శతాబ్దంలోనే అది కూలివాళ్ల పొట్టమీద పడింది. లండన్ టవర్‌లోని టంకశాల రాగిని పక్కపనిగా చూసి ఏళ్ల తరబడి కొట్టడం మానేసేది: 1754 నుంచి 1770 దాకా ఒకసారి, 1775 తరువాత మరొకసారి. బంగారు, వెండి నాణేలను అనుకరిస్తే రాజద్రోహమై మరణశిక్ష పడేది గాని, రాగిని అనుకరించడం 1771 దాకా చిన్న నేరమే. బర్మింగ్‌హామ్ తయారీదారు మాథ్యూ బౌల్టన్ 1789లో ప్రభుత్వానికి రాసిన లేఖ ప్రకారం, కొందరు యజమానులు 20 షిల్లింగులిచ్చి, 36 షిల్లింగుల ముఖవిలువ గల దొంగరాగిని కొని, దానితోనే కూలి చెల్లించేవారు. కూలి రేటు మారినట్టు ఎక్కడా కనిపించదు; అంగడివాడు ఆ నాణేన్ని తోసిపుచ్చినప్పుడో, తక్కువ లెక్కకు తీసుకున్నప్పుడో కార్మికుడికి కోత తెలిసివచ్చేది. జీతం రోజుతో ఇల్లు ముడిపడిన గోదావరిఖని పాఠకులకు ఈ అన్యాయం ఎంత లోతైనదో వివరించనక్కరలేదు. చిల్లరను పట్టించుకోని రాజ్యం కార్మికుడి కష్టాన్ని పట్టించుకోనట్టేనని చెప్పక తప్పదు.

ఆ ఖాళీని పూరించినది ఒక గనుల కంపెనీ కావడం ఈ ప్రాంతంవారు గమనించదగినది. వేల్స్‌కు చెందిన ఆంగిల్సీ ద్వీపంలో రాగి తవ్వే పేరిస్ కంపెనీ 1787 నుంచి నిండు తూకంతో సొంత పెన్నీలు విడుదల చేసి, అడిగినప్పుడు లండన్, లివర్‌పూల్, ఆంగిల్సీలలో సొమ్ము చెల్లిస్తామని వాటి అంచుమీదే చెక్కించింది. రాజు ఇవ్వని భరోసాను గని ఇచ్చింది. అయితే అందరు యజమానులూ అంత నిజాయితీపరులు కారు. తమ దుకాణంలో తప్ప చెల్లని బిళ్లలతోనూ సరుకులతోనూ కూలి ఇచ్చే పద్ధతి పలుచోట్ల పాతుకుపోగా, పలు వృత్తులలో కూలిని చెలామణి నాణెంగానే ఇవ్వాలని 1831 నాటి చట్టం నిర్దేశించింది.

పరిష్కారం చివరకు బొగ్గు నుంచి వచ్చింది. రామగుండం విద్యుత్ కేంద్రంలో బొగ్గు మంటకు పుట్టిన ఆవిరి టర్బైన్లను తిప్పినట్టే, బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో బౌల్టన్ నెలకొల్పిన టంకశాలలో ఆవిరియంత్రం అచ్చుయంత్రాలను నడిపింది. ప్రతి నాణెమూ ఒకే గుండ్రంతో, ఒకే అంచుతో రావడం వల్ల చేతితో అనుకరించడం కష్టమైంది. 1797లో ప్రభుత్వం అతనికే పని అప్పగించగా వెలువడిన పెన్నీ సరిగ్గా ఒక ఔన్సు, అంటే 28 గ్రాములకు పైగా తూగింది. ముఖవిలువకు దగ్గరగా లోహం ఉండాలన్న సూత్రాన్ని ఆ పెన్నీ పాటించింది.

ఇక్కడ తెలుగువారికి సంబంధించిన ఒక వివరం ఉంది. నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన ఉత్తర సర్కారుల కోసం, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా జిల్లాల కోసం, సోహో టంకశాల రూపాయిలో 48వ వంతు, 96వ వంతు విలువగల రాగి నాణేలను 1794లోనే తయారుచేసింది. ఇంగ్లండు కూలివాడికి నికరమైన ప్రభుత్వ పెన్నీ అందడానికి మూడేళ్లు ముందే ఆ ఆవిరియంత్రపు నాణేలు తెలుగు తీరం కోసం సిద్ధమయ్యాయి. వాటిపై కంపెనీ చిహ్నమూ, లాటిన్, ఇంగ్లీషు మాటలూ ఉన్నాయి గాని తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. మద్రాసు ప్రభుత్వం నాణేలపై తెలుగు లిపి కనిపించింది 1807–08 ప్రాంతంలో.