గ్రామఫోను నుండి జేబు పెట్టె వరకు

మన చెన్నపురి ఇండ్లకు యంత్రగానము గ్రామఫోను రికార్డుగా వచ్చెను. నిమిషమునకు 78 సార్లు తిరుగు ఆ రికార్డు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషములే పాడెడిది. పిదప కాసెట్టు, సీడీ వచ్చినవి. 1995లో ఎం.పి.3 అను పేరు స్థిరపడెను. చెవి గుర్తింపజాలని ధ్వనులను విడిచి పాటను కుదించుట దాని రహస్యము.

వందలకొలది పాటలు జేబులో ఇమిడినవి గాని, చిక్కొకటి కలిగెను. 1974లో ఈ నగరముననే అస్తమించిన ఘంటసాలవారి పాత పద్యము మా పెట్టెలో మెల్లగా వినబడును; వెంటనే కొత్తపాట చెవులదరగొట్టును. మా మనుమడు పద్యములను దాటించివేయుచుండెను.

2001లో ప్రతిపాదింపబడిన రీప్లేగెయిన్ పద్ధతి ప్రతి పాట ధ్వనిని కొలిచి, ఆ అంకెను పాటకు జతచేయును. పాట మారదు, యంత్రమే స్థాయి సవరించుకొనును. అంకెను చదువనేరని యంత్రమునకది వ్యర్థము. మా పెట్టె అట్టిదే. కావున పద్యము రాగానే నేనే మీట నొక్కి ధ్వని పెంచుచున్నాను. లోపము గొంతులో లేదు. ఇప్పుడు మనుమడు దాటించుట మాని, అర్థమడుగుచున్నాడు.