తెర కట్టి విన్నారు

ఔత్సాహిక నాటక సమాజాల్లో మనసులు విరిగేది ఎక్కువగా వేషాల పంపకం దగ్గరే. సెక్రటరీ గారి అబ్బాయికి హీరో వేషం దక్కుతుంది. ఏళ్లుగా రిహార్సల్స్‌కి అందరికన్నా ముందొచ్చే అమ్మాయికి రెండు ముక్కల డైలాగు మిగులుతుంది. దర్శకుణ్ని అడిగితే, బాగా చేసేవాళ్లకే ఇచ్చానంటాడు. అబద్ధమాడడు, నిజంగానే అలా నమ్ముతాడు. చిక్కంతా ఆ నమ్మకంతోనే. దాన్ని పరీక్షకు పెట్టే పద్ధతి మాత్రం నాటకాల్లో కాదు, ఆర్కెస్ట్రాల్లో స్థిరపడింది.

20వ శతాబ్దం సగం దాకా అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఖాళీ ఏర్పడితే పదిమందికీ తెలిసేది కాదు. కండక్టరు తనకు తెలిసిన గురువులకు కబురు పెడితే వాళ్లు తమ శిష్యుల్ని పంపేవారు. ఎంపికైనవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. 1952లో బోస్టన్ సింఫనీ వాళ్లు వాయించేవారికీ వినేవారికీ మధ్య తెర కట్టారు. తక్కినవాళ్లు దాన్ని అందుకోవడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. 1969లో ఇద్దరు నల్లజాతి వాద్యకారులు న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ మీద నగర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. ఎంపిక కండక్టరు ఒక్కడి చేతిలో ఉండకూడదని వాద్యకారులూ పట్టుబట్టారు. 1970, 80లలో బహిరంగ ప్రకటనలు, సభ్యుల కమిటీలు, తెరలు మామూలయ్యాయి.

తెర ఒక్కటే సరిపోలేదు. చెక్క స్టేజీ మీద హీల్స్ టకటకలాడితే వచ్చింది ఆడమనిషని తెలిసిపోతుంది. అందుకే తివాచీ పరిచారు. కొన్నిచోట్ల అభ్యర్థిని చెప్పులు విప్పి రమ్మని, ఆర్కెస్ట్రా మేనేజరే బూట్ల చప్పుడు చేస్తూ పక్కన నడిచేవాడు. అడుగుల సవ్వడి కూడా తీర్పును మార్చగలదని ఒప్పుకున్న ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది.

1980లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ట్రాంబోన్ ఎంపికలో ఒక అభ్యర్థి అక్కడి వాద్యకారులకు తెలిసినవాళ్ల అబ్బాయి. అందుకని తెర కట్టారు. 33 మందిలో 16వ వంతు అబీ కోనంట్ అనే అమెరికన్ యువతిది. ఆమెకు వచ్చిన పిలుపులో పేరు ముందు పురుషుడన్నట్టే రాసి ఉంది. ఆమె వాయించడం పూర్తికాగానే కమిటీ మిగతావాళ్లను పంపేసింది. తెర పక్కకు తీశాక నివ్వెరపోయారు. ఉద్యోగమైతే వచ్చింది గానీ, కొంతకాలానికే కండక్టరు సెర్జియు చెలిబిదాకె ఆమెను రెండో స్థానానికి దించాడు. ఊపిరితిత్తుల బలం నిరూపించుకోవడానికి ఆమె వైద్య పరీక్షలకు సైతం వెళ్లాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి కోర్టులో పోరాడి గెలిచింది. తెర ఆమెను లోపలికి తేగలిగింది, లోపలున్నవాళ్ల మనసులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆర్థికవేత్తలు క్లాడియా గోల్డిన్, సిసిలియా రౌస్ పాత ఆడిషన్ రికార్డులు తిరగేసి 2000లో ఒక అధ్యయనం వెలువరించారు. అమెరికాలోని అగ్రశ్రేణి ఆర్కెస్ట్రాల్లో 1970లో 5 శాతంలోపున్న ఆడవాళ్లు 1990లలో నాలుగో వంతుకు చేరారనీ, ఆ మార్పులో తెరకూ వాటా ఉందనీ వాళ్ల లెక్క. సెమీఫైనల్స్‌లో మాత్రం ఫలితం ఆడవాళ్లకు వ్యతిరేకంగా తిరగబడిందని అధ్యయనమే చెప్పింది. ఆ లెక్కల బలం మీద తర్వాత వాదాలూ నడిచాయి. అయినా తెర వృథా అని నేననుకోను. అభ్యర్థి ఎవరో తెలియనప్పుడు పక్షపాతానికి పట్టు దొరకదు.

నాటకంలో ముఖం, నడక, చూపు కావాలి కాబట్టి చివరిదాకా తెర కట్టలేం. కానీ మొదటి రౌండుకు అడ్డేముంది? వాచికం మన నటుడికి ప్రాణం. ఆడిషన్ సంగతి ముందే అందరికీ చెప్పి, ఒకే సన్నివేశం అందరికీ వారం ముందు ఇచ్చి, పేర్లకు బదులు నంబర్లు పిలిచి, కమిటీ వాళ్లు వీపు తిప్పి కూర్చుని వింటే ఖర్చు రూపాయి కాదు. గొంతు గుర్తుపట్టే చిన్న సమాజమైతే బయటి ఊరి నటుణ్నొకర్ని పిలిచి కూర్చోబెట్టాలి. రెండో రౌండులో ఆంగికం చూస్తారు. అక్కడ బంధువులు పోటీలో ఉన్నవాళ్లు మార్కులు వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దర్శకుడు నోరు విప్పకముందే ప్రతివాళ్లూ తమ అంకెలు కాగితం మీద రాసేయాలి. ఆయన "ఆ కుర్రాడు బాగున్నాడు కదా" అన్నాక ఎవరి కలమూ సొంతంగా కదలదు.